అర్థం చెప్తేనే సంతకం

మా నాగరత్నంగారి దగ్గర వీలునామా రాయించుకోవడంకన్నా పదో తరగతి పరీక్ష మళ్లీ రాయడం నయమని మా ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పక్కన కూర్చుని టైపు కొడుతున్నాను, ఆ మాత్రం అనే హక్కు నాకుంది. నా పేరు సాయిదుర్గ. నాకు నోరెక్కువని ఆవిడంటారు, ఆవిడకి మొండితనం ఎక్కువని నేనంటాను. ఇద్దరం నిజమే చెప్తున్నాం.

రాజమండ్రిలో బస్సెక్కి గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా ఇంకో ముప్పావుగంట వస్తే మా ఊరు. సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా కాలవ రోడ్డు మీద వరసగా ఎనిమిది గదులున్నాయి. అన్నీ దస్తావేజులు రాసేవాళ్లవే. ఆఖరి గది మాది. దాని పక్కన యెహెజ్కేలు టీ బడ్డీ. మిగతా ఏడు గదుల్లోనూ మగవాళ్లే. వాళ్ల దగ్గర వీలునామా అంటే టీ చల్లారేలోపు అయిపోయే పని. పాత కాగితంలో పేర్లు మార్చి, ప్రింటు తీసి, ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం అని వేలు పెట్టి చూపిస్తారు. మా దగ్గర ఒక్కో వీలునామాకి రెండుసార్లు తిరగాలి, ఒక్కోసారి మూడు. నాకు ఒళ్లు మండదా మరి?

నాగరత్నంగారి పద్ధతి ఒకటే. కాగితం రాశాక పైకి చదువుతారు. చదివాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఇప్పుడు మీరు చెప్పండి అంటారు. ఆ కాగితంలో ఉన్న ప్రతి పెద్దమాటకీ అర్థం ఏమిటో రాయించుకునే మనిషి తన సొంత మాటల్లో చెప్పాలి. అర్థం చెప్తేనే సంతకం. చెప్పలేకపోతే ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మంటారు. వచ్చినవాళ్లు కరణం కావచ్చు, కాలేజీ లెక్చరర్ కావచ్చు, ఆవిడకి పట్టదు. ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారిని రెండుసార్లు వెనక్కి పంపించారు. ఆయన ఇప్పటికీ మా గది ముందునుంచి వెళ్లేటప్పుడు తల కాలవ వైపు తిప్పుకుంటారు.

అసలు వీలునామా అంటేనే సగం మందికి తెలియదు. రాసిన మర్నాటినుంచి ఆస్తి పిల్లలదైపోతుందని ఒకరు భయపడతారు. రాస్తే ఆయుష్షు తగ్గుతుందని ఇంకొకరు ముహూర్తాలు వెతుకుతారు. ఆవిడ ఓపిగ్గా చెబుతారు, ఆ ఓపిక నాకు లేదు. వీలునామా మనిషి పోయాకే పనిచేస్తుంది, మనిషి ఉన్నంతకాలం దానికి నోరు లేదు. ఇవాళ రాసింది రేపు మార్చుకోవచ్చు, ఎల్లుండి రద్దు చేసుకోవచ్చు. ఎన్ని రాసినా ఆఖరున రాసిందే చెల్లుతుంది. అదే బతికుండగానే రాసిచ్చేసే దఖలు దస్తావేజు అయితే అలా కాదు, సంతకం పెట్టి రిజిస్టరు చేసిన రోజే ఆస్తి చేతులు మారిపోతుంది. ఈ తేడా తెలియక రోడ్డున పడ్డవాళ్ల కథలు ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి.

సాక్షులకీ పరీక్షే. యెహెజ్కేలు ఒకప్పుడు టీ గ్లాసుల ట్రే ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో సాక్షి సంతకాలు గీకేసేవాడు. ఎనిమిది గదులకీ అతనే సాక్షి. ఒకరోజు ఆవిడ అతన్ని ఆపి, పొద్దుట ఎవరి విల్లులో సంతకం పెట్టావని అడిగారు. అతను బుర్ర గోక్కున్నాడు. రేపు కోర్టువాళ్లు అడిగితే బైబిలు మీద ఒట్టేసి ఏం చెబుతావని అడిగారు. ఆ మాట అతనికి గుచ్చుకుంది. సాక్షి అంటే ఆ మనిషి సంతకం పెడుతుంటే కళ్లతో చూసినవాడని, అలాంటివాళ్లు ఇద్దరుండాలని అప్పుడు కూర్చోబెట్టి నేర్పారు. అప్పట్నుంచీ యెహెజ్కేలు స్టవ్ కట్టేసి వచ్చి, ఎదురుగా నిలబడి చూస్తేగాని సంతకం పెట్టడు. మిగతా గదులవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి అయిపోయింది.

ఈ మొండితనం ఎక్కడిదో చెప్పాలి. నాగరత్నంగారి నాన్న బుల్లియ్యగారు కూడా దస్తావేజులే రాసేవారు, ఇదే గదిలో, ఇదే కుర్చీలో, ముప్పైఆరేళ్లు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయనకి ఒక వాక్యం నోటికొచ్చు. భర్త భార్యకి ఆస్తి రాయాలంటే చాలు, కలం దానంతటదే ఆ వాక్యం రాసేది: నా భార్య యావజ్జీవం అనుభవించి, ఆమె తదనంతరం ఫలానావారికి చెందవలెను. ఎంతమందికి రాశారో లెక్కలేదు. చివరికి తనకీ అదే రాసుకున్నారు. ఇల్లు, ఎకరం పొలం భార్య లక్ష్మిగారు యావజ్జీవం అనుభవించి, ఆవిడ తర్వాత అన్నగారి కొడుకులకి. ఆడపిల్ల ఎలాగూ అత్తారింటికి పోయేదే కదా అనుకున్నారు.

ఆయన పోయిన మూడేళ్లకి లక్ష్మిగారికి గుండె జబ్బు బయటపడింది. రాజమండ్రిలో డాక్టర్లు ఆపరేషన్ చేయాలన్నారు. అర ఎకరం అమ్మేద్దామనుకున్నారు. కొనేవాడు వచ్చాడు, వీలునామా చదివాడు, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అమ్మే హక్కు ఆవిడకి లేదన్నాడు. బ్యాంకువాళ్లూ అదే అన్నారు. అన్నగారి కొడుకులు కూడా సంతకం పెడితే అమ్మొచ్చు. వాళ్లు ఆలోచించి చెప్తామన్నారు. పదకొండు నెలలు ఆలోచించారు. భార్యకి తిండికీ బట్టకీ భర్త ఆస్తిలో హక్కుంటుంది కాబట్టి కోర్టుకెళ్తే గెలవొచ్చని ఒక ప్లీడరుగారు చెప్పారట. కోర్టు తేల్చేదాకా గుండె ఆగాలి కదా. ఆగలేదు. నాగరత్నంగారికి అప్పుడు ఇరవైఆరేళ్లు.

తల్లి దినాలైన మర్నాడు ఆవిడ వచ్చి నాన్న గది తలుపు తీసి ఆ కుర్చీలో కూర్చున్నారు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. ఆడమనిషి దగ్గర దస్తావేజులు ఎవరు రాయించుకుంటారని పక్క గదులవాళ్లు నవ్వారు. రెండేళ్లు ఎవరూ రాలేదు, ఆవిడ రోజూ పదింటికి వచ్చి ఐదింటిదాకా కూర్చున్నారు. మూడో ఏడు ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. పెళ్లెందుకు చేసుకోలేదండీ అని నేనడిగితే, వచ్చినవాళ్లెవరూ నా పరీక్షలో పాసవ్వలేదమ్మా అంటారు. బుల్లియ్యగారి వీలునామా జిరాక్సు బల్ల మీది అద్దం కింద ఇప్పటికీ ఉంది. చూసినవాళ్లు అది నమూనా అనుకుంటారు.

మొన్న ఏప్రిల్లో, రెండో పంట దాళ్వా కోతలైపోయి కాలవలు కట్టేసిన రోజుల్లో, గున్నేశ్వరరావుగారు వచ్చారు. పక్క ఊరి రైతు, డెబ్బైనాలుగేళ్లు, తెల్లపంచె, భుజమ్మీద తువ్వాలు. పిల్లల్లేరు. వెంట అన్నగారి కొడుకు గణేష్‌బాబు, నలభై ఏళ్లవాడు, ఇప్పుడు పొలం చూసుకునేది అతనే. వెనకాల చేతిసంచీ పట్టుకుని గున్నేశ్వరరావుగారి భార్య అచ్చాయమ్మగారు. ఆవిడని ఎవరూ లోపలికి రమ్మనలేదు. కిటికీ కింద బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

గణేష్‌బాబు ఒక జిరాక్సు తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్ల పక్కింటాయన రాయించుకున్న విల్లు అది. మా వైపు ఇదొక అలవాటు. ఎవరికైనా విల్లు కావాలంటే పక్కింటివాళ్లదో, వేలువిడిచిన మావయ్యదో జిరాక్సు తీయించి, పెన్నుతో పేర్లు మార్చి పట్టుకొచ్చేస్తారు. అచ్చం ఇలాగే కొట్టేయమంటారు. ఈ జిరాక్సులో పక్కింటాయన కూతుళ్లిద్దరినీ పెన్నుతో కొట్టేసి, ఆ పైన గణేష్‌బాబు అని రాసి ఉంది. మిగతాదంతా ఒక్క అక్షరం మారలేదు. యావజ్జీవం అనుభవించి, తదనంతరం, అన్నీ ఉన్నాయి.

నాగరత్నంగారు దాన్ని రెండుసార్లు చదివి, గున్నేశ్వరరావుగారు తప్ప అందరూ బయటికెళ్లమన్నారు. గణేష్‌బాబు కదల్లేదు.

“నేనుంటే ఏంటండి? నేనేమన్నా పరాయివాణ్ణా?”

“పరాయివాడివైతే ఉండనిచ్చేదాన్ని బాబూ. ఇందులో నీ పేరుంది కాబట్టే వెళ్లమంటున్నాను.”

అతను మొహం గంటు పెట్టుకుని బయటికెళ్లి మోటారుసైకిలు మీద కూర్చున్నాడు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నేను గడియారం వైపు చూశాను. మా ఆయనకి ఆ రోజు నేను తొందరగా వస్తానని చెప్పి ఉన్నాను.

యావజ్జీవం అనుభవించి అంటే ఏమిటో చెప్పమన్నారు ఆవిడ. అదేం ప్రశ్నండి అన్నట్టు గున్నేశ్వరరావుగారు నవ్వారు. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ మూడెకరాలూ ఇల్లూ ఆవిడవే, మహారాణిలా బతుకుతుంది, ఆవిడ తర్వాత మావాడికి అన్నారు. సరే, రేపు మీరు లేనప్పుడు ఆవిడకి ఆపరేషన్ చేయాలన్నారనుకోండి, ఏం చేస్తారని అడిగారు. ఓ అర ఎకరం అమ్ముకుంటుంది, ఆవిడదే కదా అన్నారాయన.

“అమ్మలేరండి.”

“అదేంటండి? ఆవిడదేనని రాస్తున్నాం కదా.”

“రాయడం లేదండి. పంట తినమంటున్నారు, ఇంట్లో ఉండమంటున్నారు. అంతే. అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు, ఒకరికి రాసివ్వడానికి లేదు. గణేష్‌బాబు సంతకం లేకుండా అర సెంటు కదలదు. యావజ్జీవం అనుభవించడమంటే అదండి.”

గున్నేశ్వరరావుగారు ఆ జిరాక్సుని చేతిలోకి తీసుకుని చూశారు, ఎవరో తనకి తెలియకుండా అందులో మార్చేసినట్టు. కాసేపటికి తేరుకుని, మావాడు సంతకం పెడతాడులెండి అన్నారు. పెట్టకపోతే అని ఆవిడ. ఎందుకు పెట్టడు అని ఈయన. అమ్ముకోవాలంటే ఏమని రాయాలని ఆయనే మళ్లీ అడిగారు. దాన విక్రయాది సర్వహక్కులతో అని రాయాలని ఆవిడ చెప్పారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. సర్వహక్కులు ఇచ్చేస్తే అచ్చాయమ్మగారు అంతా పట్టుకెళ్లి సామర్లకోటలో ఉన్న పుట్టింటివాళ్లకి రాసిచ్చేస్తుందేమోనని ఆయన భయం. ఆడవాళ్ల మనసు పుట్టింటివైపే లాగుతుందండి, నా రెక్కల కష్టం వాళ్లపాలవుతుంది అన్నారు. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి గురించి అలా అంటుంటే నాకు ఒళ్లు భగ్గుమంది. కిటికీ తెరిచే ఉంది. కింద బెంచీ మీద ఆవిడ తల వెనక భాగం నాకు కనబడుతూనే ఉంది, కదల్లేదు.

నాగరత్నంగారికి మాత్రం కోపం రాలేదు. ఆస్తి మీది, ఎలా రాయాలన్నది మీ ఇష్టం, యావజ్జీవమే రాయమంటే అలాగే రాస్తాను, కానీ ఏం రాస్తున్నారో తెలిసి రాయండి అన్నారు. తర్వాత ఆస్తి వివరాలకొచ్చారు. పొలం నాలుగు ముక్కలు. ఆస్తంతా నా స్వార్జితం అని జిరాక్సులో ఉంది. స్వార్జితం అంటే ఏంటండి అని అడిగారు. నేను సంపాదించుకున్నది అని ఆయన టక్కున చెప్పారు. అయితే ఒక్కో ముక్కా ఎలా వచ్చిందో కాగితాలు చూపించమన్నారు. మూడింటికి కొనుగోలు దస్తావేజులు ఉన్నాయి. నాలుగో దానికి, అరవై సెంట్లకి, ఏమీ లేదు.

అది పసుపు కుంకుమ కింద వచ్చిందండి అన్నారాయన. అచ్చాయమ్మగారి పెళ్లప్పుడు వాళ్ల నాన్న సామర్లకోట దగ్గర పొలం అమ్మి, అల్లుడి చేను పక్కనే అరవై సెంట్లు కూతురి పేరున కొన్నారట. అప్పట్నుంచీ గట్టు తీసేసి నాలుగూ కలిపి ఆయనే చేసుకుంటున్నారు. పాసుపుస్తకం ఇచ్చేటప్పుడు ఆఫీసుకి వెళ్లింది ఆయనే కాబట్టి పేరు ఆయనదే పడింది. దస్తావేజు మాత్రం ఆవిడ పెట్టెలో ఉంది.

“అయితే అది మీది కాదండి, ఆవిడది. మీది కానిది మీరు విల్లులో రాయడానికి లేదు.”

“యాభై ఏళ్లు దున్నానండి నేను!”

“దున్నితే పంట మీదవుతుంది. పొలం అవ్వదు.”

ఆవిడ పొలాన్నే తీసుకుని, ఆవిడకే బతికున్నన్నాళ్లూ తినమని ఇచ్చి, ఆ తర్వాత ఇంకొకరికి ఇమ్మంటున్నారు, ఇది మీకు సబబుగా ఉందా అని అడిగారు. గున్నేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. మొహం ఎర్రబడింది. విల్లు రాయించుకోవడానికి వచ్చాను, పాఠాలు చెప్పించుకోవడానికి కాదని, ఇంకా ఏడు గదులున్నాయని అంటూ, జిరాక్సు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. అచ్చాయమ్మగారు సంచీ తీసుకుని లేచారు. వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి ఒకసారి నాగరత్నంగారి వైపు చూశారు.

నేనూరుకుంటానా? కడిగేశాను. ఊళ్లో మొగుడూ పెళ్లాల సంగతులన్నీ మనకెందుకండీ, రాయమన్నది రాసి పంపిస్తే పోయేది కదా, ఇప్పుడు పక్క గదికి వెళ్తాడు, ఆ ముసలావిడకి యావజ్జీవమే గతి, మనం చేసిన ఉపకారం ఏముందీ అన్నాను. ఆవిడ అద్దం కింద ఉన్న తండ్రి వీలునామా మీద వేలు పెట్టారు.

“మా నాన్న చెడ్డవాడు కాదే సాయిదుర్గా. అమ్మంటే ప్రాణం. ఎవరూ ఆయన్ని అర్థం అడగలేదు, అంతే. ఒక్కరు అడిగుంటే అమ్మ ఇంకో పదేళ్లు ఉండేది.”

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. సిగ్గేసింది నాకు. ఆ రోజు ఇంటికి ఆలస్యమైనా సణగలేదు.

తర్వాత జరిగింది యెహెజ్కేలు చెప్పాడు. పది రోజుల తర్వాత గణేష్‌బాబు బాబాయిని పక్క గదుల్లో ఒకదానికి తీసుకొచ్చాడు. ఆ రైటరు పావుగంటలో ప్రింటు తీసేశాడు. సాక్షిగా యెహెజ్కేలుని పిలిచారు. అతను స్టవ్ కట్టేసి వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. గున్నేశ్వరరావుగారు పెన్ను మూత తీశారట. పెట్టబోయి ఆగారట. మా ఆవిడ అవసరమొచ్చి అమ్ముకోవాలంటే ఎలాగండి అని ఆ రైటరుని అడిగారట. అంతదాకా ఎవరు ఆలోచిస్తారండి, అందరూ ఇలాగే రాసుకుంటున్నారు, పెట్టేయండి అన్నాడు ఆ పెద్దమనిషి. అప్పుడీయన గణేష్‌బాబు వైపు తిరిగి అడిగారట.

“ఒరే, మీ పిన్నికి ఆపరేషన్ అంటే సంతకం పెడతావా?”

“అప్పటికి చూద్దాంలే బాబాయ్. ముందు నువ్వు పెట్టు.”

గున్నేశ్వరరావుగారు పెన్ను మూత పెట్టేశారట. నీరసంగా ఉందిరా, ఇంకోసారి వద్దాం అన్నారట. యెహెజ్కేలు ఇది చెబుతుంటే నాగరత్నంగారు చేతిలో పని ఆపకుండా విన్నారు. ఆయన మళ్లీ వస్తారని మాత్రం అన్నారు. నాకు నమ్మకం లేదు. మే అయింది, జూన్ అయింది. కాలవలకి నీళ్లు వదిలారు, నారుమళ్లు పోశారు, రైతులెవరూ మా వైపు తొంగి చూడ్డం లేదు. ఆయనకేదైనా అయితే ఏ కాగితమూ లేకుండా పోతుందని నాకు బెంగగానే ఉండేది. నాలో నేనే తిట్టుకునేదాన్ని, ఈ ముసలాయన నాకేమవుతాడని.

జూలై నెలలో ఒక పొద్దుటిపూట గది ముందు ఆటో ఆగింది. గున్నేశ్వరరావుగారు దిగారు. వెనకాల అచ్చాయమ్మగారు. గణేష్‌బాబు లేడు. ఆవిడ అలవాటు ప్రకారం బెంచీ వైపు నడవబోతే, లోపలికి రావే అన్నారాయన. కుర్చీ కూడా ఆయనే లాగారు.

నాగరత్నంగారు ఇంకా కళ్లజోడు తీయలేదు, ఆయనే మొదలుపెట్టారు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పారు. మూడు ముక్కలూ ఇల్లూ నా స్వార్జితం, నేను కొన్నవి. నాలుగోది నాది కాదు, తీసేయండి, పాసుపుస్తకంలో కూడా ఆవిడ పేరు ఎక్కించడానికి అర్జీ పెట్టాను. నేను పోయాక మూడు ముక్కలూ ఇల్లూ మా ఆవిడకి దాన విక్రయాది సర్వహక్కులతో. అంటే ఆవిడ తింటుంది, అమ్ముకుంటుంది, ఎవరికి కావాలంటే వాళ్లకిచ్చుకుంటుంది. సామర్లకోటవాళ్లకిచ్చినా సరే. ఆవిడ నాకంటే ముందుపోతే మాత్రం గణేష్‌బాబుకి. అంతేకదండీ అన్నారు. ఆ సామర్లకోట మాట దగ్గర కొంచెం తడబడ్డారు. అయినా అనేశారు.

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నాగరత్నంగారు ఎవర్నీ ఏ ప్రశ్నా అడగలేదు. టైపు చెయ్యమ్మా అన్నారు. నేను కొట్టడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా అచ్చాయమ్మగారు నోరు విప్పారు. ఆవిడ గొంతు వినడం నాకదే మొదలు.

“ఏవండీ, ఆ అరవై సెంట్లూ నావేనన్నారు కదండి. మరి నేనూ విల్లు రాయొచ్చాండి?”

“రాయొచ్చమ్మా. మీది మీరు కాక ఎవరు రాస్తారు?”

“అయితే రాయండి.”

గున్నేశ్వరరావుగారి మొహంలో రంగు మారింది. ఆయన మనసులో ఏముందో నాకు కనబడుతూనే ఉంది. సామర్లకోట. ఎవరికి రాయాలమ్మా అని నాగరత్నంగారు అడిగారు. అచ్చాయమ్మగారు భర్త వైపు గడ్డం ఎత్తి చూపించారు. పేరు పెట్టి పిలవని మనిషి మరి.

నాగరత్నంగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గున్నేశ్వరరావుగారి వైపు తిరిగి, ఇందులో మీ పేరుంది, మీరు బయటికెళ్లండి అన్నారు. ఆయన లేచారు. అచ్చాయమ్మగారి ఒళ్లో ఉన్న సంచీ తనే అందుకుని వెళ్లి, కిటికీ కింద బెంచీ మీద కూర్చున్నారు. ఇప్పుడు ఆయన తల వెనక భాగం నాకు కనబడుతోంది.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. యావజ్జీవం అనుభవించి అని రాయొచ్చు, లేదా సర్వహక్కులతో అని రాయొచ్చు, రెండింటికీ తేడా చెబుతాను వినండి అన్నారు. అచ్చాయమ్మగారు అడ్డొచ్చారు. ఏప్రిల్లో బెంచీ మీద కూర్చుని అంతా విన్నానండి అన్నారు. అంటే ఆడవాళ్ల మనసు పుట్టింటివైపే లాగుతుందన్నదీ విన్నారు. మూడు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకుని, ఆ మనిషికే వండి పెట్టారు.

“సర్వహక్కులే రాయండి. నేను ముందు పోతే, రేపు మా అన్నదమ్ముల పిల్లలు గట్టు మీదికొచ్చి ఇది మా తాత కొన్న పొలం అంటారు. ఈయనకి మాట మెత్తన, గట్టిగా అడగడం రాదు.”

“బాగుందమ్మా. కానీ నా దగ్గర అర్థం చెప్తేనే సంతకం. సర్వహక్కులు అంటే ఏంటో మీ మాటల్లో చెప్పండి.”

అచ్చాయమ్మగారు ఆలోచించుకోలేదు. కిటికీ వైపు చూసి, బయటికి వినబడేలాగే చెప్పారు.

“నేను లేకపోయినా ఆయన ఎవర్నీ బతిమాలుకోకూడదని అండి.”

నాగరత్నంగారు కళ్లజోడు వెతుక్కున్నారు. ఎదురుగానే ఉంది, చేతికి అందలేదు. కాసేపటికి పెట్టుకుని, రాయమ్మా సాయిదుర్గా అన్నారు. నాకు కీబోర్డు మీద అక్షరాలు మసకమసకగా కనబడుతున్నాయి, అయినా కొట్టాను. బయట గున్నేశ్వరరావుగారు సంచీ ఒళ్లో పెట్టుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. యెహెజ్కేలు టీ ఇవ్వబోయి, ఆగి, స్టవ్ కట్టేసి సాక్షి సంతకానికి లోపలికి వచ్చాడు.